మా కింది పోర్షన్ అద్దెకు అడిగారు, కాలనీ వాళ్లు వద్దంటున్నారు. ఇవ్వాలా వద్దా?

అల్వాల్_శ్రీధర్
మాది హైదరాబాద్ అల్వాల్‌లో రెండంతస్తుల ఇల్లు. పైన మేము, అమ్మ ఉంటాం. కింది పోర్షన్ ఉగాది నుంచి ఖాళీ, టులెట్ బోర్డు అలాగే వేలాడుతోంది. పోయిన వారం ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి ఇద్దరు వచ్చి చూసి వెళ్లారు. ఐదుగురు ఆడవాళ్లు ఉంటారట, అందరూ నలభై నుంచి అరవై మధ్య వాళ్లు. ఒకప్పుడు మతిస్థిమితం తప్పి రోడ్ల మీదా, స్టేషన్లలోనూ బతికారు. ఆసుపత్రిలో వైద్యం అయింది, మందులు వేసుకుంటూ ఇప్పుడు బాగానే ఉన్నారు. తీసుకెళ్లడానికి మాత్రం ఎవరూ లేరు. తోడుగా ఒకావిడ వాళ్లతోనే ఉంటుంది, అద్దె సంస్థ కడుతుంది, వంట వాళ్లే చేసుకుంటారు, గేటు మీద బోర్డు లాంటిదేమీ పెట్టం అన్నారు.

నాకూ మా ఆవిడకూ ఇవ్వాలనే ఉంది. అమ్మ ఎటూ తేల్చడం లేదు. ఈలోగా విషయం కాలనీ అసోసియేషన్‌కి తెలిసింది. ఆదివారం మీటింగ్‌లో నన్ను నిలబెట్టి కడిగేశారు. పిల్లలు తిరిగే వీధి, రేపు ఏదైనా జరిగితే నువ్వు జవాబు చెప్తావా అని ఒకరు. ఇళ్ల రేట్లు పడిపోతాయి అని ఇంకొకరు. ఒకాయనైతే "అంత జాలి ఉంటే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి పక్కన ఇల్లు కొని అక్కడ పెట్టుకో" అన్నాడు. దానికి అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు ఇంకా మింగుడు పడలేదు.

ఇలాంటివాళ్లకు ఇల్లు ఇచ్చినవాళ్లు గానీ, పక్కింట్లో ఉన్నవాళ్లు గానీ ఉంటే చెప్పండి. సంస్థను ఏమేం అడగాలి?

బోయిన్‌పల్లి_బాబ్జీ
ఇవ్వకండి. దానం చేయాలనుంటే డబ్బు ఇవ్వండి, ఇల్లు కాదు.

కాంతారావు_కేపీహెచ్‌బీ
బాబ్జీ మాటే నాదీ. ఊరికే అనడం లేదు, అనుభవం ఉంది. మా ఫ్లాట్ ఒక సంస్థకు ఇచ్చాను, పేరెందుకులెండి. చదువుకునే ఆడపిల్లల కోసం అన్నారు. మొదటి ఏడాది ఒకటో తారీఖుకల్లా డబ్బులు పడేవి. తర్వాత విరాళాలు రావడం లేదని అద్దె ఆపేశారు. ఖాళీ చేయమంటే "ఆడపిల్లల్ని రోడ్డున పడేస్తారా" అన్నారు. కరెంటు బిల్లు కూడా నా నెత్తినే పడింది. శ్రీధర్ గారూ, ఆ ఐదుగురి మీద నాకేం కోపం లేదు. రేపు సంస్థ చేతులెత్తేస్తే వాళ్లను మీ చేతులతో బయటికి పంపగలరా? అది ముందు ఆలోచించండి.

అల్వాల్_శ్రీధర్
పంపలేను. నా టెన్షన్ కూడా అదే కాంతారావు గారూ.

పద్మ_తాంబరం
మా పుట్టిల్లు నెల్లూరు, పెళ్లయ్యాక చెన్నై వచ్చాను. మా వీధిలో అలాంటి ఇల్లు ఉంది కాబట్టి చెప్తున్నా. ఏ సంస్థో, ఏ వీధో రాయను. ఆ ఇంటి ఆడవాళ్ల గురించి నలుగురూ వెతుక్కుంటూ రావడం నాకిష్టం లేదు.

వచ్చిన కొత్తలో వీధిలో అందరికీ భయమే. తలుపు దగ్గరగా వేసి ఉండేది. మేమూ పలకరించలేదు, వాళ్లూ రాలేదు. ఒకరోజు నేను గేటు దగ్గర మావాడిని తెలుగులో తిడుతుంటే అందులో ఒకావిడ ఆగి "ఏ ఊరమ్మా మీది?" అంది. నెల్లూరు అన్నాను. "మాది కావలి" అంది. ఆ ముఖం చూడాలి మీరు. చుట్టూ అరవం మాట్లాడే ఊళ్లో ఎన్నేళ్లకు తెలుగు మాట వినిపించిందో పాపం.

ఇప్పుడు కూరగాయల బండి వస్తే మేమిద్దరం కలిసే బేరం ఆడతాం. ఆవిడ బెండకాయ చివర తుంచి చూడందే తీసుకోదు. బండివాడు "అమ్మా అన్నీ తుంచేస్తే మిగతావాళ్లకు ఏం అమ్మను" అని రోజూ గొడవ. వంకాయకు పుచ్చు ఉందో లేదో తొడిమ పక్కన చూసి చెప్పేస్తుంది. ఇంటి తాళంచెవి కొంగుకు ముడేసుకుని తిరుగుతుంది. ఇంకొకావిడ దగ్గరలోని ఇడ్లీ కొట్టులో పిండి రుబ్బడానికి వెళ్తుంది, నెల తిరిగితే జీతం తెచ్చుకుంటుంది. ఒకావిడ ఎక్కువ మాట్లాడదు, మెట్ల మీద కూర్చుని వీధి చూస్తుంటుంది. అంతే.

గొడవలు లేవా అంటే ఉన్నాయి. టీవీ చానల్ కోసం వాళ్లలో వాళ్లు అరుచుకుంటారు. ఒకసారి ఒకావిడ మందులు మానేసి రాత్రంతా నిద్రపోకుండా గట్టిగా మాట్లాడింది. తోడుగా ఉండే అమ్మాయి వెంటనే డాక్టర్ని పిలిపించింది, కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండి మళ్లీ అదే ఇంటికి, తన మంచం దగ్గరికే వచ్చింది. మా వీధిలో పిల్లలకు ఇంతవరకు వాళ్ల వల్ల ఏ ఇబ్బందీ లేదు.

నెల్లూరోడు_నాని
కావలి ఆవిడ చేపల పులుసు పెట్టిందా లేదా అక్కా, అది చెప్పకుండా పోస్టు ముగిస్తే ఎలా?

పద్మ_తాంబరం
@నాని పెట్టింది. మామిడికాయ వేసి. మర్నాటికి ఇంకా బాగుంది.

నెల్లూరోడు_నాని
శ్రీధర్ అన్నా ఇల్లు ఇచ్చెయ్యి.

ప్లీడర్_పంతులు
నవ్వులు పక్కన పెట్టి కాస్త చట్టం చెప్తాను. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017, సెక్షన్ 19. మానసిక అనారోగ్యం ఉన్న ప్రతి మనిషికీ సమాజంలో అందరి మధ్య బతికే హక్కు ఉంది. కుటుంబం లేదనో, కుటుంబం ఒప్పుకోలేదనో, ఇల్లు లేదనో చెప్పి ఆసుపత్రిలోనే ఉంచేయకూడదని అందులో స్పష్టంగా రాసి ఉంది. సెక్షన్ 18 ప్రకారం సాయంతో కూడిన నివాసాలు ఏర్పాటు చేయడం ప్రభుత్వ బాధ్యత. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యం కూడా ఉంది. సెక్షన్ 5 వాళ్లకూ అందరిలా సమాజంలో బతికే హక్కు ఇస్తుంది. నలుగురిలో కావాలని అవమానిస్తే సెక్షన్ 92 కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఆ ఎర్రగడ్డ మాట అన్న పెద్దమనిషికి ఇది మర్యాదగా వినిపించండి.

అసోసియేషన్ అనేది నీళ్ల ట్యాంకు, వాచ్‌మన్, చెత్త బండి చూసుకోవడానికి. మీ సొంత ఇంట్లో ఎవరుండాలో తేల్చే అధికారం దానికి లేదు.

బోయిన్‌పల్లి_బాబ్జీ
సెక్షన్లు సరే పంతులు గారూ. కాలనీలో ఉండాల్సింది శ్రీధర్, మీరు కాదు. రేపు బోరు పాడైతే పక్కింటివాడు బకెట్ నీళ్లు ఇస్తాడా?

ప్లీడర్_పంతులు
ఆ మాట నిజమే. అందుకే మర్యాదగా అన్నాను, నోటీసు పంపమనలేదు.

వార్డు_సిస్టర్
ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చాలా ఏళ్లుగా నర్సుగా చేస్తున్నాను. ఏ ఊరో వద్దు. మా లాంగ్ స్టే వార్డు గురించి బయటివాళ్లకు తెలియదు. డాక్టర్ "డిశ్చార్జికి ఫిట్" అని రాసి ఏళ్లు గడిచిన ఆడవాళ్లు అక్కడ ఉన్నారు. పొద్దున లేస్తారు, వాళ్లంతట వాళ్లే స్నానం చేస్తారు, జడలు వేసుకుంటారు, మాకు ఫైళ్లు మోసి సాయం చేస్తారు, కొత్తగా వచ్చిన పేషెంటుకు అన్నం తినిపిస్తారు. ఇంటి అడ్రసు చెప్తారు. ఆ అడ్రసుకు ఉత్తరం రాస్తే తిరిగొస్తుంది. ఫోన్ చేస్తే నంబరు మారిపోయి ఉంటుంది. ఒకావిడ అన్నదమ్ములు వచ్చారు, పొలం కాగితాల మీద వేలిముద్ర వేయించుకుపోయారు, మళ్లీ రాలేదు.

వీళ్లకు జబ్బు ముదిరి లోపల ఉన్నారనుకోకండి. వెళ్లడానికి ఇల్లు లేక ఉన్నారు. ఎవరో ఒకరు గేటు తీసి "మా కింది పోర్షన్ ఉంది, రండి" అనాలి. శ్రీధర్ గారూ, మీ పోస్టు చదివి మా డ్యూటీ రూములో అందరికీ వినిపించాను.

రమణ_గుంటూరు
కానీ అసలు బాధ్యత కుటుంబానిది కదా. సంస్థలు ఇళ్లు తీసి పెడుతుంటే వదిలేసేవాళ్లకు ఇంకా అలుసైపోతుంది. వెతికి పట్టుకుని అప్పగించాలి, తప్పించుకుంటే కేసు పెట్టాలి. ఇది నా అభిప్రాయం.

సుజాత_రాజమండ్రి
రమణ గారూ, మా పిన్ని సంగతి చెప్తాను. కాన్పు తర్వాత జబ్బు చేసింది. ఒకరోజు రైలెక్కి వెళ్లిపోయింది. మన వైపు రైళ్లు చాలా వరకు మద్రాసుకే కదా, సెంట్రల్ స్టేషన్‌లో దిగి ఎన్నాళ్లు ఎలా బతికిందో తనకే గుర్తులేదు. అక్కడి ఒక సంస్థ వైద్యం చేయించి, మెల్లగా ఊరి పేరు రాబట్టి, మాకు కబురు చేసింది. వెళ్లి తెచ్చుకున్నాం. ఇంట్లో అందరం ఏడ్చాం. కానీ బాబాయి అప్పటికే రెండో పెళ్లి చేసుకున్నాడు. పిల్లాడికి ఆవిడే అమ్మ. మా అమ్మ దగ్గర ఉంచుకుందామంటే మేమే రెండు గదుల్లో ఆరుగురం. ఏ ఇంట్లో కూర్చున్నా పిన్ని చుట్టం లాగే కూర్చునేది. మళ్లీ మందులు మానేసింది, మళ్లీ బయటికి వెళ్లబోయింది. ఎవరి మీద కేసు పెట్టాలండీ?

తర్వాత తనే అడిగి ఆ సంస్థ దగ్గరికి వెళ్లింది. ఇప్పుడు ఇంకో ముగ్గురితో కలిసి అద్దె ఇంట్లో ఉంటుంది. సంక్రాంతికి చీర పట్టుకుని మేం వెళ్తాం. కొడుకు పెళ్లికి వచ్చింది, రెండు రోజులుండి "నా ఇంటికి పోతా, మొక్కలకు నీళ్లెవరు పోస్తారు" అని వెళ్లిపోయింది. కుటుంబం వదిలేసిందని మీరంటారు. మా పిన్నికి మేమూ ఉన్నాం, తన ఇల్లూ ఉంది.

రమణ_గుంటూరు
సుజాత గారూ, మీ పిన్నిగారి విషయంలో నేను మాట్లాడటానికేం లేదు. పొలం రాయించుకుపోయిన అన్నదమ్ముల మీద మాత్రం నా మాట మాటే.

వార్డు_సిస్టర్
అక్కడ నేనూ మీ పక్షమే రమణ గారూ.

భక్తి_మార్గం
ఇళ్లెందుకు, ఆశ్రమాలు, దర్గాలు, గుళ్ల దగ్గర సత్రాలు ఉన్నాయిగా? అన్నదానం ఉంటుంది, ప్రశాంతంగా ఉంటారు.

వార్డు_సిస్టర్
ఎర్వాడి గుర్తుందా? తమిళనాడు, రామనాథపురం జిల్లా. దర్గా దగ్గర నయమవుతుందని తెచ్చి వదిలిన మానసిక రోగులను ఒక షెడ్డులో గొలుసులతో కట్టేసి ఉంచారు. 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున నిప్పంటుకుంది. గొలుసులు తెంచుకోలేక 28 మంది కాలిపోయారు. అన్ని ఆశ్రమాలూ అలాంటివని అనను, ప్రేమగా చూసేవాళ్లూ ఉన్నారు. కానీ ఎవరూ వచ్చి చూడని చోట, తాళం బయట ఉన్న చోట మనిషిని వదిలేసి ప్రశాంతంగా ఉన్నారనుకోవడం మాత్రం నా వల్ల కాదు.

ఫుట్‌పాత్_నేస్తం
సిటీలో రాత్రిపూట ఇళ్లులేనివాళ్ల కోసం తిరిగే గుంపులో ఉన్నాను. "షెల్టర్లు ఉన్నాయిగా" అని ఎవరైనా అనేలోపు నేనే చెప్తా. ఉన్నాయి. 2010లో ఢిల్లీ చలికి ఫుట్‌పాత్‌ల మీద మనుషులు చనిపోయాక సుప్రీంకోర్టు కలగజేసుకుంది. లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలన్నారు. తర్వాత 2013లో కేంద్ర పథకం వచ్చింది, మనిషికి కనీసం 50 చదరపు అడుగులు అని లెక్క కట్టారు. హైదరాబాద్‌లో కూడా జీహెచ్‌ఎంసీ షెల్టర్లు నడుస్తున్నాయి, పెద్దాసుపత్రుల దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకూ పనికొస్తున్నాయి. అడ్డా కూలీకి, ఊరి నుంచి పనికొచ్చినవాడికి అది పెద్ద ఆసరా.

కానీ మతి తప్పి కోలుకుంటున్న మనిషికి హాలు సరిపోదు. ముప్పై నలభై మంది మధ్య పడుకోవాలి. రాత్రి లైట్లు, దగ్గులు, గొడవలు. మందుల కవరు తలకింద పెట్టుకుంటే పొద్దున్నకు ఉండదు. నిద్రలేకపోతే జబ్బు తిరగబెడుతుంది, మళ్లీ రోడ్డు. ఇదే చక్రం నేను చాలామంది దగ్గర చూశాను. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఇల్లులేనివాళ్లు 17.7 లక్షలకు పైగా ఉన్నారు. వాళ్లలో అందరికీ కావలసింది ఒకటే కాదు. కొందరికి రాత్రి పడుకునే చోటు చాలు. కొందరికి తలుపున్న ఇల్లూ, రోజుకోసారి "మందు వేసుకున్నావా" అని అడిగే మనిషీ ఉండాలి.

మౌళి_డేటా
పద్మ గారు చెప్పినలాంటి ఇళ్లు మన దేశంలో ఎవరు మొదలుపెట్టారు? ఎంతమందికి నిలబడింది?

పద్మ_తాంబరం
చెన్నైలో ది బాన్యన్ అనే సంస్థ పేరు ముందు చెప్పుకోవాలి. వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ అనే ఇద్దరు అమ్మాయిలు 1993లో మొదలుపెట్టారు, ఇళ్లులేక రోడ్ల మీద తిరిగే మానసిక రోగులైన ఆడవాళ్ల కోసం. వైద్యం చేయించి ఊళ్లకు పంపడం మొదట్నుంచీ వాళ్ల పని, చాలామంది అలా ఇళ్లకు చేరారు. మిగిలిపోయేవాళ్లు ఉంటారుగా, సిస్టర్ గారు చెప్పినట్టు. వాళ్ల కోసం 2015లో "హోమ్ అగైన్" అని పెట్టారు. నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో మామూలు అద్దె ఇల్లు, అవసరాన్ని బట్టి తోడు. తోడుండేవాళ్లు నర్సులో డాక్టర్లో కానక్కర్లేదు, తరచూ ఆ చుట్టుపక్కల ఆడవాళ్లకే నేర్పిస్తారు. కేరళ, మహారాష్ట్ర, అస్సాంలకూ వెళ్లింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన మార్గదర్శకాల్లో మంచి ఉదాహరణల్లో ఒకటిగా చూపించారు.

హ్యూస్టన్_హరి
నేనుండే హ్యూస్టన్ సంగతి కూడా వినండి. 2011 తర్వాత ఇక్కడ ఇల్లులేనివాళ్ల సంఖ్య సగానికి పైగా తగ్గింది. స్వచ్ఛంద సంస్థలు, సిటీ, కౌంటీ అన్నీ విడివిడిగా కాకుండా ఒకే జాబితా పెట్టుకుని, ముందు అపార్ట్‌మెంట్ ఇప్పించి తర్వాత మిగతావి చూడటం వల్ల అంటారు. అపార్ట్‌మెంట్ ఓనర్లను ఒప్పించడానికే ప్రత్యేకంగా మనుషులుంటారు. మా గుడి తరఫున కొత్తగా ఇంట్లో దిగేవాళ్లకు గిన్నెలు, దుప్పట్లు సర్ది ఇస్తాం. తాళంచెవి చేతికిచ్చాక చాలామంది మొదట చేసే పని తలుపు లోపలి నుంచి గడియ పెట్టి చూసుకోవడం.

కాంతారావు_కేపీహెచ్‌బీ
అమెరికాలో వీధుల నిండా టెంట్లు యూట్యూబ్‌లో రోజూ చూస్తున్నాం. వాళ్లను చూసి మనం నేర్చుకోవాలా?

హ్యూస్టన్_హరి
మీరు చూసేవి ఎక్కువగా లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో వీడియోలు. అక్కడ అద్దెలు ఆకాశంలో ఉన్నాయి, కొత్త ఇళ్లు కట్టనివ్వరు. మా దగ్గర ఇళ్లు దొరుకుతాయి. ఇల్లు లేకుండా "ముందు ఇల్లు" అనే పద్ధతి పనిచేయదు, అది నిజం.

టొరంటో_టీచరమ్మ
ఈ పద్ధతి న్యూయార్క్‌లో 1992లో శామ్ త్సెంబెరిస్ అనే సైకాలజిస్టు మొదలుపెట్టాడు. అంతకుముందు తాగుడు మానాలి, మందులు వేసుకోవాలి, అప్పుడు ఇల్లిస్తాం అనేవాళ్లు. ఈయన ముందు ఇల్లు ఇచ్చి, మిగతావి వాళ్ల ఇష్టంతో మెల్లగా చేశాడు. కెనడాలో 2009 నుంచి 2013 వరకు ఐదు నగరాల్లో రెండు వేల మందికి పైగా మనుషులతో పరీక్షించారు. ముందు ఇల్లు ఇచ్చినవాళ్లు మామూలు సేవలు అందినవాళ్ల కంటే చాలా ఎక్కువ కాలం ఇంట్లో నిలబడ్డారు. అయితే ఇల్లు రాగానే జబ్బు పోలేదు. తాగుడు విషయంలోనూ రెండు గుంపులకూ పెద్ద తేడా రాలేదు. ఇంటితోనే అన్నీ నయమవుతాయని ఎవరూ ఆశపెట్టుకోకూడదు.

కాంతారావు_కేపీహెచ్‌బీ
ఈ మాట నచ్చింది టీచరమ్మా, ఉన్నదున్నట్టు చెప్పారు. సరే, డాలర్ల దేశం వేరు. ఇక్కడ నెలనెలా ఎవరు కడతారు? నా ప్రశ్న మొదట్నుంచీ అదొక్కటే.

వార్డు_సిస్టర్
కొంత విరాళాలు, కొంత ప్రభుత్వం నుంచి, కొంత వాళ్లదే. మానసిక వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే వైకల్య సర్టిఫికెట్ వస్తుంది, మన దగ్గర సదరం అంటారు. దానితో తెలంగాణలో 4,016, ఆంధ్రలో 6,000 పింఛను. ఐదుగురికీ పింఛను వస్తే ఇంటి ఖర్చులో మంచి భాగమే. కొందరు పనికీ వెళ్తారు. చిక్కల్లా కాగితాల దగ్గర. రోడ్డు మీద నుంచి వచ్చినవాళ్లకు ఆధార్ ఉండదు, ఆధార్ లేనిదే సదరం స్లాట్ దొరకదు.

ఫుట్‌పాత్_నేస్తం
గుర్తింపు ఉన్న షెల్టర్ హోమ్ అధికారి సంతకంతో ఇచ్చే సర్టిఫికెట్‌తో ఆధార్ తీసుకోవచ్చు, సెంటర్‌లో మొదట కాదంటారు, రూల్ చూపిస్తే చేస్తారు. ఓటుకైతే అడ్రస్ ప్రూఫ్ కూడా అక్కర్లేదు. ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లు ఓటు నమోదు చేసే ఫారం 6లో ఆ చోటు రాస్తే, బీఎల్వో, అంటే ఆ బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారి, రాత్రిపూట వచ్చి నిజంగా అక్కడే పడుకుంటున్నారో లేదో చూసి ఓటు ఇస్తారు.

కాంతారావు_కేపీహెచ్‌బీ
అయితే శ్రీధర్ గారూ, ఇవ్వాలనే మీ మనసు అంటోంది కాబట్టి నేను దెబ్బలు తిన్న చోట మీరు తినకుండా చెప్తాను. అగ్రిమెంటు ట్రస్టు పేరు మీద ఉండాలి, ఆ వచ్చిన ఇద్దరి పేర్ల మీద కాదు. ట్రస్టు రిజిస్ట్రేషన్ డీడ్, పాన్, గత రెండు మూడేళ్ల ఆడిట్ కాగితాలు అడగండి. ఇస్తే మంచి సంస్థ, నసిగితే దండం పెట్టండి. కరెంటు, నీళ్ల బిల్లులు వాళ్లవే అని రాయించండి. ముఖ్యంగా, అద్దె రెండు నెలలు ఆగితే ఆ ఐదుగురికీ వేరే ఇల్లు చూపించే బాధ్యత సంస్థదే అని ఒక షరతు పెట్టండి. అది ఉంటే ఖాళీ చేయించే పాపం మీ నెత్తిన పడదు, వాళ్లూ రోడ్డున పడరు.

ప్లీడర్_పంతులు
చక్కగా చెప్పారు. 11 నెలల అగ్రిమెంటు రాసుకోవడం మనకు అలవాటు. ఇక్కడ మాత్రం ఖర్చయినా మూడేళ్లకు రిజిస్టర్ చేయించమంటాను. ఏడాదికోసారి ఇల్లు మారితే ఆ ఆడవాళ్లకే నష్టం, డాక్టరూ మారతాడు, కూరగాయల బండీ మారుతుంది. రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ దగ్గర వాళ్ల రిజిస్ట్రేషన్ సంగతి కూడా అడగండి. రాత్రి ఏదైనా జరిగితే ఫోన్ ఎత్తే మనిషి ఎవరో, వాళ్ల డాక్టర్ ఎవరో కాగితం మీద తీసుకోండి.

పద్మ_తాంబరం
ఇంకొకటి. వాళ్ల జబ్బుల పేర్లు, ఫైళ్లు అసోసియేషన్ అడిగితే ఇవ్వకండి. మీ ఇంట్లో బీపీ షుగర్ ఎవరికి ఉన్నాయో గేటు మీద రాస్తారా? పరిచయం చేయాలంటే పేర్లు చెప్పండి చాలు.

బోయిన్‌పల్లి_బాబ్జీ
ఇంతమంది ఇన్ని చెప్పారు, బాగుంది. నేనైతే ఇప్పటికీ ఇవ్వను. నాకు చిన్నపిల్లలున్నారు, నా భయం నాది.

సుజాత_రాజమండ్రి
బాబ్జీ గారూ, భయం ఉండటం తప్పు కాదు. ఒక్కసారి వాళ్లు ఇప్పుడుంటున్న చోటికి శ్రీధర్ గారితో వెళ్లి చూసి రండి. చూశాక కూడా వద్దనిపిస్తే అననివ్వండి. మా పిన్ని ఇంటి ఓనర్ కూడా ముందు వద్దన్నవాడే.

అల్వాల్_శ్రీధర్
అందరికీ ఒకేసారి రాస్తున్నా. కాంతారావు గారి లిస్టు పట్టుకుని సంస్థ ఆఫీసుకు వెళ్లాను. కాగితాలన్నీ అడగకముందే ఫైలులో పెట్టి ఇచ్చారు. వేరే ఇల్లు చూపించే షరతుకు ఒప్పుకున్నారు, పైగా వాళ్ల పాత అగ్రిమెంట్లలో అది ఇదివరకే ఉంది. అమ్మను కూడా తీసుకెళ్లాను. అక్కడ ఒకావిడ అమ్మతో అరగంట పైగా ఆవకాయ పాళ్ల గురించి వాదించింది, ఆవపిండి ఎక్కువా కారం ఎక్కువా అని. తిరిగొస్తూ అమ్మ తేల్చేసింది: ఇప్పుడు ఆషాఢం, శ్రావణంలో రమ్మను, ముందు పాలు పొంగించుకోమను అని.

అసోసియేషన్‌లో ఇద్దరు ముగ్గురు మెత్తబడ్డారు. ప్రెసిడెంట్ మాట్లాడటం లేదు. ఎర్రగడ్డ మాటన్న ఆయనకు సెక్షన్ 92 సంగతి మర్యాదగానే చెప్పాను, ఆయన మర్యాదగా వినలేదు.

వార్డు_సిస్టర్
మొదటి నెల రోజూ తలుపు కొట్టి పలకరించమని అమ్మగారికి చెప్పండి. జాలిగా వద్దు, పక్కింటివాళ్లను పలకరించినట్టే.

కాంతారావు_కేపీహెచ్‌బీ
ఆ షరతు ఏ మాటల్లో రాశారో పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి శ్రీధర్ గారూ. నా ఫ్లాట్ వచ్చే నెల ఖాళీ అవుతోంది.

నెల్లూరోడు_నాని
కాంతారావు గారూ!!! 🙏

విజయవాడ_వాసు
ఇప్పుడే మొత్తం చదివాను. మా బస్టాండ్ దగ్గర ఒకావిడ చాలా రోజులుగా గోనెసంచులు కప్పుకుని ఉంటోంది, తనలో తను మాట్లాడుకుంటుంది. తిండి పెడితే తింటుంది. ఆవిడకు ఏం చేయాలి? ఎవరికి చెప్పాలి?

వార్డు_సిస్టర్
వాసు గారూ, స్థానిక పోలీస్ స్టేషన్‌కు చెప్పండి, వీలైతే రాతపూర్వకంగా. 2017 చట్టం సెక్షన్ 100 ప్రకారం అలా తిరుగుతూ తనను తాను చూసుకోలేని మనిషిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడం స్టేషన్ ఆఫీసర్ బాధ్యత. లాకప్‌లో పెట్టకూడదు. తప్పిపోయిన మనిషిగా ఎఫ్‌ఐఆర్ రాసి కుటుంబం కోసం వెతకాలి కూడా. వెనకాడితే సెక్షన్ నంబరు చెప్పండి. ఏం చేయాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి, అది టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. వెళ్లేటప్పుడు మహిళా కానిస్టేబుల్‌ను అడగండి, ఆవిడకు తెలిసిన ముఖం మీదే కాబట్టి మీరూ పక్కన ఉండండి. ఆసుపత్రిలో చేర్చాక అక్కడి సోషల్ వర్కర్ పేరు రాసుకోండి, వారం తర్వాత మళ్లీ వెళ్లి అడగండి. అడిగే మనిషి ఉన్న పేషెంటు ఫైలు త్వరగా కదులుతుంది.

విజయవాడ_వాసు
రేపు పొద్దున్నే వెళ్తాను. మా అక్కను కూడా తీసుకెళ్తా.